శ్రీహరికోట దారిలో మనం చూడకుండా దాటేసే సరస్సు: పులికాట్ కథ

రాకెట్ లాంచ్ చూడ్డానికి శ్రీహరికోట వెళ్లినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. సూళ్లూరుపేటలో దిగి తూర్పు వైపు తిరిగితే సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు. మధ్యలో ఒకచోట ఊళ్లు అయిపోతాయి, చెట్లు అయిపోతాయి, రెండు పక్కలా నీళ్లే మిగుల్తాయి. వేసవిలో వెళ్తే నీళ్లు కూడా ఉండవు, తెల్లగా పగిలిన ఉప్పు నేల. అందరం అక్కడ బండి ఆపి ఒక సెల్ఫీ దిగి, "సముద్రం భలే ఉంది రా" అనేసి ముందుకు పోతాం.

అది సముద్రం కాదు. నేను కూడా బీటెక్ సెకండియర్‌లో ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు సముద్రం అనే అనుకున్నా. తర్వాత చెన్నైలో ఉద్యోగం చేస్తూ శుక్రవారం సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చే రోజుల్లో ఎన్నిసార్లు తడ, సూళ్లూరుపేట స్టేషన్లు దాటానో లెక్కే లేదు. పక్కనే ఇంత కథ ఉందని ఒక్కరోజు కూడా తెలీదు. ఈ ఎపిసోడ్ ఆ నీళ్ల గురించి.

మనం పులికాట్ అంటాం. తమిళంలో పళవేర్కాడు. ఆ మాట పోర్చుగీసు వాళ్ల నోట్లో పడి పాలియాకట్ అయింది, ఇంగ్లీషు వాళ్ల దగ్గరికి వచ్చేసరికి పులికాట్ అయింది. పులికీ దీనికీ సంబంధం లేదు. మరి తెలుగులో పేరు లేదా అంటే, ఉంది, చాలా అందమైన పేరు: ప్రళయ కావేరి. స.వెం.రమేశ్ గారు ఈ సరస్సు చుట్టూ ఉన్న తెలుగు పల్లెల మీద, అక్కడి యాసలోనే 'ప్రళయకావేరి కథలు' రాశారు. ఆ పుస్తకం చదివేదాకా నాకు ఆ పేరే తెలీదు, నెల్లూరు వైపు పుట్టి కూడా. సిగ్గుపడాల్సిన విషయమే.

ముందు జాగ్రఫీ కాస్త చెప్పుకుందాం, లేకపోతే చరిత్ర అర్థం కాదు. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 60 కిలోమీటర్ల పొడవు. తూర్పున బంగాళాఖాతం, మధ్యలో అడ్డుగోడలా శ్రీహరికోట ద్వీపం. పడమటి నుంచి కాళంగి, దక్షిణం నుంచి ఆరణి లాంటి ఏర్లు వచ్చి ఇందులో కలుస్తాయి. అంటే ఒక చేత్తో ఏటి నీళ్లు, ఇంకో చేత్తో సముద్రపు నీళ్లు పట్టుకుని నిలబడ్డ సరస్సు. లోతు ఎంతనుకుంటున్నారు? చాలాచోట్ల మనిషి నడుము దాకా కూడా రాదు. పడవ నడిపేవాళ్లు తెడ్డు కంటే గెడకర్రే ఎక్కువ వాడతారు.

సముద్రపు నీళ్లు లోపలికి రావాలంటే దారి కావాలి కదా. ఆ దారినే ముఖద్వారం అంటారు. ముఖ్యంగా చెప్పుకునేవి మూడు. ఉత్తరాన తూపిలిపాళెం దగ్గర ఒకటి, మధ్యలో రాయదొరువు దగ్గర ఒకటి, ఈ రెండూ ఆంధ్రావి. మూడోది దక్షిణాన పళవేర్కాడు ఊరి దగ్గర, అది తమిళనాడుది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడతాయి.

సరే, 400 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

1600 తర్వాతి సంవత్సరాలు. తళ్లికోట యుద్ధం అయిపోయింది, హంపి పోయింది, కానీ విజయనగర రాజ్యం ఇంకా పూర్తిగా పోలేదు. చంద్రగిరి, వేలూరు కేంద్రాలుగా రెండో వెంకటపతి రాయలు ఏలుతున్నాడు. పులికాట్ రేవు ఆయన రాణి ఆధీనంలో ఉంది. అప్పటికే అది పెద్ద రేవు. ఇక్కడి నుంచి రంగులద్దిన నూలు బట్టలు ఓడలకెక్కి ఇండోనేషియా దీవుల దాకా పోతున్నాయి. దక్కన్‌లో నేసిన బట్ట ఇస్తే అక్కడి వాళ్లు లవంగాలు, జాజికాయ ఇచ్చేవాళ్లు. యూరప్ వాళ్లకి కావాల్సింది ఆ మసాలా. వాళ్ల దగ్గర వెండి ఉన్నా, ఆ దీవుల్లో ఎక్కువ చెల్లేది మన బట్టే. అందుకని మసాలా కొనాలంటే ముందు కోరమాండల్ తీరానికొచ్చి బట్ట కొనాలి. పులికాట్ అంత ముఖ్యం కావడానికి కారణం అదే.

ఆ బట్టలకి ఎరుపు ఎక్కడిది? చిరువేరు అని ఒక చిన్న మొక్క వేరు. ఇసుక నేలల్లో పెరుగుతుంది. శ్రీహరికోట అడవిలో దాన్ని తవ్వి తెచ్చేది యానాదులు. వాళ్ల దగ్గరికి మళ్లీ వస్తా.

డచ్చి వాళ్లకి 1610లో రాయల దగ్గర్నుంచి ఇక్కడ వ్యాపారం చేసుకోడానికి అనుమతి దొరికింది. మన పెద్దవాళ్లు వాళ్లని వలందా వాళ్లు అనేవాళ్లు, హాలండ్ అన్నమాట. మచిలీపట్నంలో వలందపాలెం ఉంది చూడండి, ఆ పేరు అక్కడి నుంచే. మైలాపూర్ పక్కన శాంథోమ్‌లో ఉన్న పోర్చుగీసు వాళ్లకి ఇది మండింది. 1612లో వచ్చి డచ్చి గిడ్డంగి మీద పడ్డారు. దాంతో డచ్చి వాళ్లు కోట కట్టుకున్నారు, 1613 నాటికి అది లేచింది. పేరు గెల్డ్రియా. అక్కడి నుంచి 1690లో నాగపట్నానికి మారేదాకా, కోరమాండల్ తీరం మొత్తానికి డచ్చి వాళ్ల హెడ్డాఫీసు పులికాటే. నాణేలు ముద్రించే టంకశాల, తుపాకిమందు కార్ఖానా, అన్నీ ఇక్కడే.

ఇంతవరకూ టూరిస్ట్ గైడ్లు కూడా చెప్తారు. చెప్పనిది ఒకటుంది. ఆ రేవు నుంచి బట్టలు మాత్రమే పోలేదు, మనుషులు కూడా పోయారు. 17వ శతాబ్దంలో ఈ తీరంలో కరువు వచ్చినప్పుడల్లా ఆకలికి తాళలేక తమని తాము అమ్ముకున్నవాళ్లు, పిల్లల్ని అమ్ముకున్నవాళ్లు, దళారులు ఎత్తుకొచ్చినవాళ్లు, ఇలా వేల మందిని బానిసలుగా కొని బటావియాకి పంపారు. బటావియా అంటే ఇవాళ్టి జకార్తా. కంపెనీ లెక్కల పుస్తకాల్లో బట్టల మూటల పక్కనే మనుషుల సంఖ్య కూడా రాసుకున్నారు. ఆ వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు, తమిళులు ఎంతెంత మంది అనే లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. ఈ భాగం చదివిన రాత్రి నేను స్క్రిప్ట్ పక్కన పెట్టేశా. మన బడి పుస్తకాల్లో బానిసలు అంటే ఆఫ్రికా, అమెరికా. మన ఇంటి నుంచి రెండు గంటల దూరంలో ఉన్న రేవు పేరు ఎక్కడా కనపడదు.

ఇప్పుడు ఆ కోట దగ్గరికెళ్తే ముళ్ల కంపలు, ఒక కందకం, మట్టి దిబ్బలు. దగ్గర్లో డచ్చి శ్మశానం మాత్రం పురావస్తు శాఖ కాపాడుతోంది. గేటు రెండు పక్కలా అస్థిపంజరాలు చెక్కి ఉంటాయి. సమాధుల మీద రాళ్లు అంత నాజూకుగా చెక్కారు, మ్యూజియంలో పెట్టినట్టు ఉంటాయి. 1825లో ఇంగ్లీషు వాళ్లకి అప్పజెప్పి డచ్చి వాళ్లు శాశ్వతంగా వెళ్లిపోయారు.

ఇంగ్లీషు వాళ్ల సంగతి కూడా ఒక ముక్కలో చెప్పేస్తా, ఎందుకంటే చెన్నైలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకి ఇది కాస్త నవ్వు తెప్పిస్తుంది. పులికాట్‌లో డచ్చి వాళ్లు కాలు పెట్టనివ్వకపోతే ఇంగ్లీషు కంపెనీ కొంచెం ఉత్తరాన దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టుకుంది. అక్కడ సరుకు సరిగ్గా దొరకలేదు. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో దామర్ల నాయకుల దగ్గర్నుంచి ఒక ఇసుక తిన్నె సంపాదించాడు. అదే మద్రాసు. నెల్లూరు తీరంలో వాళ్ల బేరం కుదిరుంటే మనం ఐటీ ఉద్యోగానికి దుగరాజపట్నం పోయేవాళ్లమేమో.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం.

శ్రీహరికోట అంటే మనకి ఇస్రో. కానీ అది ఎన్నో తరాలు యానాదుల ఇల్లు. తేనె, చింతపండు, కుంకుడుకాయ, చిరువేరు, వెదురు, చేపలు. 1835లో కంపెనీ ప్రభుత్వం ద్వీపాన్ని తన చేతిలోకి తీసుకున్నాక వీళ్లకి ఒక ఒప్పందం పెట్టింది: అడవిలో దొరికినవి తెచ్చి సర్కారుకి ఇవ్వాలి, బదులుగా ధాన్యం, బట్ట తీసుకోవాలి. తమ అడవిలో తామే కూలీలు. ఇంకొన్నాళ్లకి కొన్నిచోట్ల యానాదుల్ని నేరస్థ తెగల చట్టం కిందికి కూడా తెచ్చారు. అంటే పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర. దీని మీద జీవితమంతా పోరాడిన మనిషి మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు. యానాదుల మీద పుస్తకమే రాశారు, 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన మీద విడిగా ఎపిసోడ్ చేయాలి, చేస్తా.

1969లో రాకెట్ కేంద్రానికి ఈ ద్వీపాన్ని ఎంచుకున్నారు. కారణాలు ఇంజనీర్‌గా నాకు అర్థమవుతాయి. తూర్పున ఖాళీ సముద్రం, ఏదైనా తేడా వస్తే నీళ్లలో పడుతుంది. భూమి తిరిగే వైపే ప్రయోగిస్తే ఆ వేగం కలిసొస్తుంది. జనం తక్కువ. ఆ మూడో కారణం దగ్గరే నేను ఆగిపోతా. తక్కువ అంటే అసలు లేరని కాదు కదా. అక్కడి పల్లెల వాళ్లని, యానాదుల్ని ఒడ్డుకి తరలించారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. నాకు ఇస్రో అంటే ప్రాణం, చంద్రయాన్ రోజు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచినవాణ్ణి. ఆ గర్వం ఎక్కడికీ పోలేదు. ఆ కౌంట్‌డౌన్ వెనక ఇలాంటి వలస ఒకటి ఉందని తెలుసుకుని కూడా చప్పట్లు కొట్టొచ్చు.

ద్వీపానికి రోడ్డు కావాలి కాబట్టి సరస్సు మీదుగా కట్ట పోశారు. మనం సెల్ఫీ దిగేది దాని మీదే. అటకానితిప్ప మీదుగా పోతుంది. మనుషులకి సౌకర్యం, నీళ్లకి మాత్రం అడ్డుగోడ. కింద తూములున్నా ఉత్తరపు నీళ్లూ దక్షిణపు నీళ్లూ మునుపటిలా కలవవు. ఉత్తర భాగం వేసవిలో త్వరగా ఎండిపోతోంది.

అంతకుముందు ఇదే సరస్సులోంచి ఒక పెద్ద హైవే ఉండేది, నీళ్ల హైవే: బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి మెల్లగా ఉత్తరానికి పెంచుకుంటూ కృష్ణా కాలువలతో కలిపారు. ఉప్పు, బియ్యం, వంటచెరకు పడవల్లో మద్రాసు చేరేవి. శ్రీహరికోట సరుగుడు కట్టెలతో మద్రాసులో పొయ్యిలు వెలిగేవి. రైళ్లు, లారీలు వచ్చాక పూడిపోయింది. తడ వైపు పెద్దవాళ్లని అడిగితే, కాలువలో పడవల్ని తాడు కట్టి లాగడం తమ తాతలు చెప్పారంటారు.

ఇక సరిహద్దు.

1953 దాకా ఈ సరస్సు మొత్తం మద్రాసు రాష్ట్రంలోదే. ఆ ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. పొట్టి శ్రీరాములు గారి దీక్ష, "మద్రాసు మనదే" నినాదం, అదంతా మీకు తెలిసిందే. మద్రాసు రాలేదు. తర్వాత కూడా సరిహద్దు ఊళ్ల గొడవ తెగలేదు. పటాస్కర్ అనే ఆయన్ని మధ్యవర్తిగా పెట్టారు. ఆయన సూత్రం సింపుల్: ఊరు ఒక యూనిట్. ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాష ఏది, ఆ ఊరు పక్క ఊళ్లతో ఆనుకుని ఉందా, అంతే. దాని ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి లాంటివి అటు వెళ్లాయి, చెంగల్పట్టు జిల్లా నుంచి కొన్ని ఊళ్లు ఇటు వచ్చాయి.

నేల మీద ఈ సూత్రం ఎంతో కొంత పనిచేస్తుంది. నీళ్ల మీద ఎలా పనిచేస్తుంది చెప్పండి? నీళ్లకి మాతృభాష ఏంటి? పైగా ఇక్కడి మనుషుల భాష కూడా ఒక గడిలో ఇమడదు. ఆంధ్రా ఒడ్డున చేపలు పట్టే పట్టపు వాళ్లలో చాలామంది ఇంట్లో తమిళం, బజార్లో తెలుగు మాట్లాడతారు. తమిళనాడు ఒడ్డున తెలుగు మాట్లాడే పల్లెలున్నాయి. పళవేర్కాడులో అరబ్బు వ్యాపారుల నాటి నుంచి ఉన్న ముస్లిం కుటుంబాలున్నాయి, తాటాకు బుట్టలు అల్లే ఆడవాళ్లున్నారు.

చివరికి తేలింది ఏంటంటే, సరస్సులో ఐదింట నాలుగు వంతులకు పైనే ఆంధ్రాకి వచ్చింది. తమిళనాడుకి చిన్న ముక్క. కానీ ఆ చిన్న ముక్కలోనే పళవేర్కాడు ముఖద్వారం ఉంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా. మన వైపు రెండు ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతూ వచ్చాయి. దక్షిణాన లోతు కాస్త ఎక్కువ, సముద్రంతో రాకపోకలు ఎక్కువ. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి పెరిగి మళ్లీ సముద్రంలోకి పోతాయి. ద్వారం మూసుకుపోతే నీళ్లు ఉన్నా రొయ్య లేదు. ఎండాకాలం నీళ్లు ఆవిరై సముద్రం కంటే ఉప్పగా అయిపోతాయి, అప్పుడు చేప కూడా ఉండదు. అంటే నీళ్లు ఒక రాష్ట్రంలో, చేపలు ఇంకో రాష్ట్రంలో.

తమిళనాడు వైపు పాత పద్ధతి ఒకటుంది, దాన్ని పాడు అంటారు. రొయ్యల వల పాతే మంచి చోట్లని ఊళ్ల మధ్య వంతులు వేసుకుంటారు. ఇవాళ నీ పాడు, రేపు నా పాడు. పోలీసు లేడు, కోర్టు లేదు, ఊరి పెద్దల మాట మీద నడిచింది. చూడ్డానికి చాలా బాగుంది, నేనూ మొదట అబ్బా అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆ వంతు అందరికీ కాదు. ఆ కులంలో పుట్టి, పెళ్లైన మగవాడై ఉండాలి. మిగతా కులాల వాళ్లు, దళితులు తమకీ వంతు కావాలని అడిగినప్పుడు గొడవలయ్యాయి. ఇక చేత్తో తడిమి చేపలు పట్టే యానాదులకైతే వరసలో చోటే లేదు.

రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య కూడా అప్పుడప్పుడూ గొడవలు ముదురుతాయి. మా నీళ్లలోకి వచ్చారని వలలు లాక్కోవడం, పడవలు పట్టుకోవడం, అధికారులు కూర్చుని రాజీ చేయడం, మళ్లీ మామూలే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకే డేటాబేస్‌కి ఇద్దరు అడ్మిన్లుంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. అక్కడ కనీసం బ్యాకప్ ఉండేది.

పక్షుల సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. చలికాలంలో వచ్చే ఫ్లెమింగోల కోసమే సూళ్లూరుపేటలో పండగ చేస్తారు. అవి పులికాట్ నీళ్లలో తల కిందులుగా పెట్టి నాచు, చిన్న రొయ్యపురుగులు వడగట్టుకుని తింటాయి, ఆ తిండి వల్లే ఆ గులాబీ రంగు. గూడబాతులు మాత్రం నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుని, తిండికి పులికాట్ దాకా ఎగిరొస్తాయి. నేలపట్టు రైతులు ఆ పక్షుల్ని కదిలించరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు. ఆంధ్రా వైపు సరస్సుని 1976లో, తమిళనాడు వైపు 1980లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఒకే పక్షికి రెండు నోటిఫికేషన్లు. ఈ రక్షణ వల్ల జాలర్లకి పెట్టే ఆంక్షలు ఇంకో తలనొప్పి, లాంచ్ రోజుల్లో సముద్రంలోకి వెళ్లొద్దనే ఆంక్షలకి అదనంగా.

ఈ ఎపిసోడ్ కోసం తడ పక్కన భీములవారిపాళెం నుంచి పడవలో ఇరకం దీవికి బయల్దేరా. పడవ నడిపిన మామకి 60 దాటుంటాయి. గెడ వేస్తూనే మాట్లాడాడు. దీవిలో జ్వరమొస్తే ఇదే పడవ, పురుడొస్తే ఇదే పడవ. సగం దూరం వెళ్లేసరికి నా ఫోన్‌కి తమిళనాడు నెట్‌వర్క్ అంటూ మెసేజ్ వచ్చింది, ఐదు నిమిషాలకి మళ్లీ ఆంధ్రా. మ్యాప్ తెరిచి చుక్కల గీత చూపించి, "మామా, ఇక్కడేనంట బోర్డర్" అన్నా.

కళ్లు చిట్లించి చూశాడు. "యాడుండాది అబ్బయ్యా? నీళ్లే కదా ఉండేది" అన్నాడు. కాసేపాగి, "రాయదొరువు తవ్వతామని అప్పుడెప్పుడో కొలతలు తీసకపోయిరి. అది ఏమాయనో నీ ఫోన్లో చూసి చెప్పు" అని అడిగాడు.

సిగ్నల్ లేదు. ఒడ్డుకొచ్చాక వెతికా. పూడిక తీత మీద ప్రకటనలు ఎన్నో ఉన్నాయి, ఆయనకి చదివి వినిపించా. ఊఁ కొట్టి వల సర్దుకోడానికి పోయాడు.

వచ్చే వారం దుగరాజపట్నం నుంచి.